కుక్కకి కీళ్ళు అరిగితే: ఎలా గుర్తుపట్టాలి, ఇంట్లో ఏం చేయాలి

మా గుండు పదేళ్ళ లాబ్రడార్. హైదరాబాద్ నల్లకుంటలో మాది రెండో అంతస్తు, లిఫ్ట్ లేదు. నేను ఆఫీసు నుంచి వస్తుంటే మెట్ల మీద చెప్పుల చప్పుడు వినగానే తలుపు దగ్గరికి ఉరికొచ్చేవాడు. పోయినేడు చలికాలంలో రావడం మానేశాడు. పడుకున్న చోటే తోక నేలకేసి టపటపా కొట్టి ఊరుకునేవాడు. "పాపం, వయసైపోయింది" అని ఇంట్లో అందరం అనుకున్నాం, ఆ మాట అనేసుకుంటే ఇంక చేయాల్సిందేమీ ఉండదు కదా. ఒకరోజు ఎందుకో ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాను. పడుకున్నవాడు నాలుగు కాళ్ళ మీద నిలబడడానికి 19 సెకన్లు పట్టింది. ముందు కాళ్ళు లేపాడు, ఆగాడు, వెనక కాళ్ళు టైల్స్ మీద జారాయి, మళ్ళీ కూర్చున్నాడు, నా వైపు చూశాడు, మళ్ళీ లేచాడు. అది వయసు కాదు, నొప్పి.

మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు "మోకాళ్ళల్లో గుజ్జు అరిగిపోయింది" అంటారే, అదే ఇది. ఎముకల చివర్లలో మెత్తగా ఉండే పొర అరిగి, కీలు లోపల వాపు వచ్చి, పక్కన కొత్తగా ఎముక ముళ్ళలా పెరుగుతుంది. పోయిన గుజ్జు మళ్ళీ రాదు. కానీ నొప్పిని చాలావరకు తగ్గించొచ్చు. మనుషుల్లో ఇది ఎక్కువగా వయసుతో వస్తుంది గానీ, కుక్కల్లో చాలాసార్లు కీలులో పుట్టుకతోనో పెరిగే వయసులోనో వచ్చిన లోపంతో మొదలవుతుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, రాట్‌వైలర్‌లకి తుంటి, మోచేయి కీళ్ళు సరిగ్గా కుదరకపోవడం ఎక్కువ. పగ్, పొమేరియన్ లాంటి చిన్నవాటికి మోకాలి చిప్ప పక్కకి జారుతుంటుంది. మోకాలి లిగమెంట్ తెగినా, చిన్నప్పుడు బండి గుద్ది కాలు విరిగినా, ఆ కీలు తర్వాత అరుగుతుంది. వీధి కుక్కలకి ఏ లోపమూ రాదు, అవి గట్టివి అనేది ఉత్త మాట. మా వాచ్‌మన్ సాకే ఇండీకి ఆటో తగిలి తుంటి విరిగింది, ఐదేళ్ళకే మెట్లెక్కలేకపోతోంది.

లాబ్రడార్ పిల్లని తెచ్చుకున్నవాళ్ళకి ఒక మాట. ఎముకలు గట్టిపడతాయని కాల్షియం సిరప్ సీసాలకి సీసాలు తాగించకండి. పెద్ద జాతి పిల్లలకి కాల్షియం ఎక్కువైతే ఎముకల పెరుగుదలే చెడుతుంది. పపీ ఫుడ్ పెడుతుంటే అందులో కావలసినంత ఉంటుంది.

ఎలా తెలుస్తుంది

కుక్క నొప్పి అని అరవదు. అరిచేదాకా ఆగితే చాలా ఆలస్యమైనట్టే. "కుయ్యో మొర్రో అనట్లేదు కదా, బానే ఉంది" అని మా అత్తయ్య కూడా అనేది. నొప్పి ఉన్న కుక్క చేసే పని ఒక్కటే, కొన్ని పనులు మానేస్తుంది. అందుకే అది ఏం చేస్తోందని కాకుండా, ఆరు నెలల కింద చేసి ఇప్పుడు ఏం చేయట్లేదో చూడండి. సోఫా ఎక్కడం మానేసిందా, కారు డోరు తీస్తే దూకకుండా మీ మొహం చూస్తోందా, మెట్ల దగ్గర ఆగి ఆలోచిస్తోందా, మగకుక్క అయితే కాలెత్తకుండానే పోసేస్తోందా.

పొద్దున్నే లేవగానే బిగుసుకుపోయినట్టు నడిచి, పది అడుగులు వేశాక మామూలైపోవడం కీళ్ళ అరుగుదలకి బాగా తెలిసిన లక్షణం. "చూశారా, నడిస్తే సర్దుకుంది" అని మనల్ని మోసం చేసేది కూడా అదే. పరిగెత్తేటప్పుడు రెండు వెనక కాళ్ళూ కలిపి కుందేల్లా గెంతుతుంటే తుంటి మీద అనుమానపడాలి. ముందు కాలు నొప్పిగా ఉంటే, ఆ కాలు నేలకి ఆనినప్పుడల్లా తల పైకి లేస్తుంది, మంచి కాలు మీద పడ్డప్పుడు దిగుతుంది. వెనక తొడల కండ తగ్గి, ఛాతీ భుజాలు మాత్రం బలిసినట్టు కనిపిస్తే, అది బరువంతా ముందుకి తోసి నడుస్తోందని అర్థం. ఒకే కీలుని అదేపనిగా నాకడం, అక్కడ బొచ్చు ఎర్రబారడం, ఒక కాలి గోళ్ళు మాత్రమే పొడుగ్గా పెరగడం, రాత్రిళ్ళు పడుకోలేక తిరుగుతూ ఆయాసపడడం, ఎన్నడూ లేనిది నడుము మీద చెయ్యేస్తే గుర్రుమనడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. పిల్లల మీద కసురుకుంటే "ముసలైంది, చాదస్తం" అనకండి, ఆ పిల్లాడు ఎక్కడ పట్టుకున్నాడో చూడండి.

డాక్టర్ దగ్గరికెళ్ళాక ఇవేవీ కనిపించవు. క్లినిక్‌లో భయంతో మా గుండు కుర్రాడిలా నడిచాడు! కాబట్టి ఇంట్లోనే వీడియోలు తీసుకోండి: పొద్దున లేవడం, పక్క నుంచి నడక, వెనక నుంచి నడక, మెట్లెక్కడం. ఒక్కోటి అర నిమిషం చాలు. డాక్టర్‌కి మీరు చెప్పే కథ కంటే ఆ వీడియో ఎక్కువ పనికొస్తుంది.

అన్ని కుంటుళ్ళూ ఇదే కాదు

మన ఊళ్ళో ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోవాలి. గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో కూడా కీళ్ళు వాస్తాయి, ఇవాళ ఒక కాలు, రేపు ఇంకో కాలు కుంటుతాయి. తిండి మానేయడం, జ్వరం, చిగుళ్ళు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం లాంటివి దానితో ఉంటే కీళ్ళ మాత్రలు కాదు, వెంటనే రక్త పరీక్ష కావాలి. కుక్కకి మామూలు టెంపరేచర్ 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది, ముట్టుకుని వేడిగా ఉందనుకుంటే లాభం లేదు, థర్మామీటర్ పెట్టాల్సిందే. పెద్ద జాతి కుక్కకి ఒకే కాలు, రోజురోజుకీ ఎక్కువవుతూ, ఎముక దగ్గర గట్టి వాపు ఉంటే ఎముక క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. వెనక కాళ్ళు ఈడుస్తూ పాదం మడతపడి గోళ్ళ పైభాగం రాసుకుంటుంటే సమస్య కీళ్ళది కాకపోవచ్చు, వెన్నుది కావచ్చు. ఉన్నట్టుండి వెనక కాళ్ళు పడిపోతే తెల్లారేదాకా కూడా ఆగొద్దు.

డాక్టర్ చేత్తో ఒక్కో కీలూ మడిచి చూస్తారు, తర్వాత ఎక్స్‌రే. తుంటికి సరైన ఫోటో రావాలంటే చాలాసార్లు మత్తు ఇవ్వాల్సి వస్తుంది, దానికి కంగారు పడొద్దు. ఇంకో సంగతి, ఎక్స్‌రేలో కనిపించే అరుగుదలకీ కుక్క పడే బాధకీ సరిగ్గా పొంతన ఉండదు. ఘోరంగా కనిపించే తుంటితో హాయిగా తిరిగేవీ ఉంటాయి, కొంచెమే మార్పుతో లేవలేనివీ ఉంటాయి. ప్రైవేటు క్లినిక్ ఖర్చు భారమైతే రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి ఉంది, నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. పొద్దున్నే వెళ్ళండి.

ముందు బరువు, తర్వాతే మాత్ర

అందరూ మందు పేరు అడుగుతారు. నన్నడిగితే మొదటి మందు కాటా. అప్పటికి గుండు 41 కిలోలు. పేరుకి తగ్గట్టే ఉన్నాడని మురిసిపోయేవాళ్ళం, సిగ్గులేకుండా. కుంటుతున్న లావు కుక్కలు ఒంటి బరువులో ఆరేడు శాతం తగ్గితే చాలు, నడకలో తేడా కనిపిస్తుంది, అంటే 40 కిలోల కుక్కకి రెండున్నర కిలోలు. అమెరికాలో 48 లాబ్రడార్లని పిల్లలప్పటి నుంచి చివరిదాకా గమనించి 2002లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. తోటివాటి కంటే 25 శాతం తక్కువ తిండి పెట్టినవి సగటున దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి, వాటికి కీళ్ళ అరుగుదల కూడా ఆలస్యంగా వచ్చింది. ముద్దుగా పెట్టే ఆ ఒక్క ముద్ద ఖరీదు ఇంత!

ఎంత లావో తెలియాలంటే పక్కటెముకల మీద చేత్తో నిమరండి. పిడికిలి బిగించి ఆ ఎత్తుగా వచ్చే కణుపుల మీద నిమిరితే ఎలా గట్టిగా తగులుతుందో అలా తగిలితే మరీ సన్నం. చెయ్యి చాచి, వెనక వైపు నిమిరితే ఎముకలు తెలుస్తూ పైన పలుచగా కప్పినట్టుంటుందే, అలా ఉండాలి. అరచేతిలా మెత్తగా ఉంటే లావే. పైనుంచి చూస్తే నడుము కనబడాలి.

మా ఇంట్లో లెక్క తీస్తే అసలు దొంగ దొరికింది. బరువు తగ్గాల్సిన లాబ్రడార్‌కి రోజుకి సుమారు 1,000 కేలరీలు చాలు. చిన్న గ్లూకోజ్ బిస్కెట్ ఒక్కోదాంట్లో 20 పైనే ఉంటాయి, చెంచా నెయ్యిలో 45. అత్తయ్య పొద్దున టీతో పాటు వాడికి ఆరు బిస్కెట్లు, మధ్యాహ్నం పెరుగన్నంలో "చారెడే" అంటూ రెండు చెంచాల నెయ్యి. అంటే రోజు తిండిలో ఐదో వంతు పైన లెక్కలోనే లేదు. ఆవిడతో గొడవ పడితే పనవ్వదని తెలుసు కాబట్టి డాక్టర్ చేతే చెప్పించాను: "అమ్మా, మీ మోకాళ్ళకి డాక్టర్ ఏం చెప్పాడో వీడికీ అదే." ఆ ఒక్క మాటతో నెయ్యి ఆగింది. బిస్కెట్ల బదులు కీరా ముక్కలు, క్యారెట్, ఉడికించిన సొరకాయ, బీన్స్ ఇస్తున్నాం, పెట్టే చేతికి ఏదో ఒకటి పెట్టిన తృప్తి ఉండాలి కదా. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్ మాత్రం ముట్టించకండి. తిండి గిన్నెతో కాకుండా గ్రాముల్లో తూచి పెట్టండి, వారానికి ఒంటి బరువులో ఒక శాతం తగ్గితే చాలు, రెండు శాతం దాటనివ్వొద్దు. మేము నెలకి రెండుసార్లు వీధి చివర బియ్యం కొట్టులో బస్తాలు తూచే కాటా మీద నిలబెడతాం, షాపాయన నవ్వుతాడు, నవ్వనీ. ఏడు నెలల్లో 34కి వచ్చాడు.

నేల

హైదరాబాద్ ఫ్లాట్లలో అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైల్స్ మనకి అందం, కీళ్ళు అరిగిన కుక్కకి మాత్రం రోజంతా ఐసు మీద నడిచినట్టు. జారకుండా కండలన్నీ బిగబట్టుకుని తిరుగుతుంది, అదే ఒక నొప్పి. ఇల్లంతా కార్పెట్ వేయక్కర్లేదు. అది పడుకునే చోటు నుంచి నీళ్ళ గిన్నెకి, అక్కడి నుంచి తలుపుకి, తలుపు నుంచి మీ మంచానికి ఒక దారి ఉంటుంది. ఆ దారి పొడుగునా పాత యోగా మ్యాట్లు, వెనక రబ్బరున్న డోర్ మ్యాట్లు పరిస్తే చాలు. తడి గుడ్డ పెట్టాక ఆరేదాకా దాన్ని ఒక గదిలో ఉంచండి. అరికాళ్ళ మధ్య పెరిగిన బొచ్చు కత్తిరించి, గోళ్ళు తీయించండి, గోళ్ళు నేలకి టకటకమని తగులుతుంటే పట్టు దొరకదు. ఇవి చేసిన వారంలోనే గుండు లేచే టైం 19 నుంచి 13 సెకన్లకి దిగింది, అప్పటికి బరువు ఒక్క కిలో కూడా తగ్గలేదు.

పరుపు కోసం ఆన్‌లైన్లో వేలు పోయక్కర్లేదు. పాత దూది పరుపు ఉంటే కొలత ఇచ్చి కుట్టించండి, మోచేయి ఆనిస్తే నేల తగలనంత మందం ఉంటే చాలు. ఎండాకాలం కుక్క ఎలాగూ చల్లటి నేల మీదికే పోతుంది, బలవంతం చేయకండి, పక్కనే పరుపు ఉంచి ఫ్యాన్ దాని మీదికి తిప్పండి.

మెట్లకి, పెద్ద తువ్వాలు పొట్ట కింద, వెనక కాళ్ళకి కాస్త ముందు నుంచి తీసి, రెండు కొసలూ పైకి పట్టుకోండి. ఎత్తి మోయొద్దు, సగం బరువు తగ్గిస్తే చాలు, నడక దానిదే. దిగేటప్పుడే ఎక్కువ జాగ్రత్త.

నడక ఆపకండి

నొప్పి కదా అని పడుకోబెడితే కండ కరుగుతుంది, కండ కరిగితే కీలు మీద ఇంకా భారం పడుతుంది. ఎక్కువ మంది చేసేది ఏంటంటే వారమంతా ఇంట్లో ఉంచి, ఆదివారం కొండాపూర్ డాగ్ పార్క్‌కి తీసుకెళ్ళి గంటసేపు బంతి విసరడం. సోమవారం అది లేవదు. ఒకేసారి 45 నిమిషాల కంటే 15 నిమిషాల చొప్పున మూడుసార్లు మేలు, అదీ రోజూ ఒకేలా, వీలైతే మట్టి మీద. మర్నాడు ఎక్కువ బిగుసుకుంటే సగానికి తగ్గించండి, బాగుంటే వారానికి రెండు మూడు నిమిషాలు పెంచండి. బంతి విసరడం, గాల్లోకి ఎగిరి పట్టుకోవడం, సడెన్‌గా మలుపు తిరగడం ఇంక లేవు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఆరు లోపే తిప్పేయాలి, సాయంత్రం తారు రోడ్డు మీద మీ అరచెయ్యి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించి చూసి గానీ బయటికి తీయకండి.

ఇంట్లో చేయించే మంచి వ్యాయామం ఒకటే చెప్తాను. మ్యాట్ మీద కూర్చోమనండి, లేవమనండి, కీరా ముక్క ఇవ్వండి. ఐదుసార్లు, రోజుకి రెండు పూటలు. మన గుంజీళ్ళ లాంటిదే. కూర్చునేటప్పుడు ఒక కాలు పక్కకి పెడుతుంటే, గోడ పక్కన నిలబెట్టి చేయించండి. నీళ్ళలో నడిపించే హైడ్రోథెరపీ దొరికితే కీళ్ళ మీద బరువు పడకుండా కండ పెరుగుతుంది. చెరువులో దింపడం అందుకు బదులు కాదండోయ్.

చలికాలం పొద్దున నడకకి ముందు వేడినీళ్ళ బ్యాగ్‌ని తువ్వాల్లో చుట్టి, తుంటి మీద పది పదిహేను నిమిషాలు పెడితే మావాడు కళ్ళు మూసుకుంటాడు. ముందు మీ ముంజేతి మీద పెట్టి చూసుకోండి. కొత్తగా వాచి వేడిగా ఉన్న కీలుకి మాత్రం వేడి వద్దు, చల్లటిది పెట్టాలి. కర్పూరం నూనె, జండూ బామ్, అయోడెక్స్ లాంటివి రాయకండి. కుక్క నాకుతుంది, వాటిలోని కర్పూరం, వింటర్‌గ్రీన్ నూనె దానికి విషం.

మందులు

మన ఇంటి మందుల డబ్బాలో ఉన్నవేవీ దీనికి కాదు. బ్రూఫెన్, కాంబిఫ్లామ్, వోవెరాన్ కుక్కకి కడుపులో పుండ్లు చేసి కిడ్నీలు పాడుచేస్తాయి, డోలో, క్రోసిన్ డోసు మించితే లివర్ పోతుంది. (వోవెరాన్‌లో ఉండే డైక్లోఫెనాక్‌ని పశువులకి వాడకుండా 2006లో మన దేశంలో ఆపేశారు గానీ, అది రాబందులు చచ్చిపోతున్నాయని. కుక్కలకైతే ఎప్పుడూ మంచిది కాదు.) కుక్కలకి డాక్టర్లు మామూలుగా రాసేవి మెలాక్సికామ్, కార్ప్రోఫెన్, ఫిరోకాక్సిబ్. "మెలాక్సికామ్ మా నాన్నగారు వాడుతున్నారు, అదే ఇస్తా" అనుకునేవాళ్ళు ఈ లెక్క చూడండి. కుక్కకి మొదటి రోజు తర్వాత కిలోకి 0.1 ఎంజీ, అంటే 30 కిలోలకి రోజుకి 3 ఎంజీ. మనుషుల మాత్ర 7.5 లేదా 15 ఎంజీ. ఒక్క 15 మాత్రతో ఐదు రోజుల డోసు ఒకేసారి పడుతుంది.

ఈ మందులు మొదలుపెట్టే ముందు కిడ్నీ, లివర్ రక్త పరీక్షలు, తర్వాత మధ్య మధ్యలో మళ్ళీ చేయించాలి. అన్నం తిన్నాకే ఇవ్వండి. వాంతులు, విరేచనాలు, తారులా నల్లటి మలం, తిండి మానేయడం, ఏది కనిపించినా మాత్ర ఆపి డాక్టర్‌కి ఫోన్ చేయండి. ముఖ్యంగా వీటికి తోడు స్టెరాయిడ్ పడకూడదు. ఇది నాకు చేదుగా తెలిసింది. మొదట వెళ్ళిన క్లినిక్‌లో ఏం చెప్పకుండా ఒక ఇంజక్షన్ పొడిచారు, మర్నాడు గుండు గెంతులు వేశాడు, మేము దేవుడికి దండం పెట్టుకున్నాం. పది రోజులకి మళ్ళీ మొదటికొచ్చాడు. రెండో డాక్టర్ "ఏం ఇంజక్షన్?" అంటే మా దగ్గర చీటీ కూడా లేదు, అది స్టెరాయిడేమో అన్న అనుమానంతో కొత్త మందు మొదలుపెట్టడానికి ఇంకో వారం ఆగాల్సొచ్చింది. ఏ సూది వేసినా పేరు రాయించుకోండి.

మాత్ర ఒక్కటే చాలకపోతే నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్ లాంటివి కలుపుతారు. మనుషుల సిరప్ రూపంలో ఉన్నదైతే అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉందేమో చూడాలి, కుక్కలకి అది ప్రాణాంతకం.

సప్లిమెంట్లలో చేప నూనెకి ఆధారం కాస్త గట్టిగానే ఉంది. 1000 ఎంజీ అని రాసున్న మామూలు క్యాప్సూల్‌లో పనిచేసే ఒమేగా-3 కొవ్వులు ఈపీఏ 180, డీహెచ్‌ఏ 120 ఎంజీ మాత్రమే ఉంటాయి, కాబట్టి ఎన్ని వేయాలో బరువు చెప్పి డాక్టర్‌నే అడగండి, ఎక్కువైతే విరేచనాలు. కాడ్ లివర్ ఆయిల్ వేరు, దాంట్లో విటమిన్ ఎ ఎక్కువ. గ్లూకోసమైన్ పొడులు హాని చేయవు గానీ, నేను మూడు నెలలు వాడి తేడా ఏమీ కనబడక ఆపేశాను. పసుపు పాలు? పసుపు ఒంటికి పట్టేది చాలా తక్కువ, పాలు మాత్రం బరువు పెంచుతాయి.

ప్రతి ఆదివారం పొద్దున, నడకకి ముందు, అదే మ్యాట్ మీద నుంచి లేచే టైం ఒక పాత క్యాలెండర్ మీద రాసుకోండి. పక్కనే ఆ వారం మందు మార్చారా, ఎక్కువ నడిచాడా, దీపావళి టపాసులకి భయపడి జారాడా అనేది రెండు మాటల్లో. నొప్పి ఎప్పుడు పెరిగిందో, ఏది పనిచేసిందో జ్ఞాపకంతో తేలదు, క్యాలెండర్‌తో తేలుతుంది. ఎప్పుడో ఒకప్పుడు చెడ్డ రోజులు మంచి రోజుల కంటే ఎక్కువైతే, అప్పుడు డాక్టర్‌తో కూర్చుని మాట్లాడాల్సిన మాట వేరే ఉంటుంది, ఆ మాటకీ ఆ కాగితమే కావాలి. మా క్యాలెండర్‌లో పోయిన ఆదివారం గడిలో 7 అని ఉంది. దాని పక్కన అత్తయ్య పెన్సిల్‌తో "ఒక్క ఇడ్లీ, నెయ్యి లేదు" అని రాసింది.